జైనూర్ బస్సు వచ్చేదాకా

స్వరూపకు ఫోన్ మోగినా వినపడదు. షెడ్డులో సాంచాలు, అంటే మరమగ్గాలు, నడుస్తుంటే పక్క మనిషి అరిచినా పెదాలు చూసి అర్థం చేసుకోవాల్సిందే. అందుకని ఆమె ఫోన్‌ను నూలు కండెల గంప అంచుకు ఆనించి పెట్టుకుంటుంది. తెర వెలిగిందంటే గురుకులం గ్రూపులో ఎవరో ఏదో పెట్టారని లెక్క.

ఆ గ్రూపు పేరు 'గోదారి గట్టు గువ్వలు'. గోదావరి ఒడ్డు గురుకులంలో పదో తరగతి దాకా ఒకే హాల్లో పక్కలు పరుచుకుని పడుకున్న ఆడపిల్లలు, ఇప్పుడు పిల్లల తల్లులై తలా ఒక దిక్కున ఉండి, పొద్దున లేస్తే అందులోనే పలకరించుకుంటారు. ఒకామె కరీంనగర్‌లో ఇల్లు కట్టుకుంది, పాలు పొంగుతున్న గిన్నె ఫొటో వచ్చింది. ఒకామె కొడుక్కి బాసరలో సీటు దొరికింది. ఇంకొకామె మొగుడు దుబాయ్ నుంచి దిగాడు, విమానాశ్రయంలో దండ వేసిన ఫొటో. స్వరూప అన్నింటికీ చేతులు జోడించిన బొమ్మ పెడుతుంది. తన సంగతులేవీ పెట్టదు. సిరిసిల్లలో కండెలు చుట్టే మనిషి ఏం పెడుతుంది, నిండిన కండె ఫొటోనా?

ఆ పొద్దున తెర ఆరకుండా వెలుగుతోంది. తెగిన పోగును ముడివేస్తూ ఓరకంట చూసింది. సోంబాయి ఫొటో పెట్టింది. జైనూర్ వారపు అంగట్లో రేకుల కింద చిన్న కొట్టు, ముందు బల్ల మీద సీసాల నిండా ఇప్పపూల లడ్డూలు, వెనక నడుం మీద చేయి పెట్టుకుని సోంబాయి. 'సొంతంగ కొట్టు పెట్టిన. కరీంనగర్ మీటింగుకు అందరికి లడ్డూలు తెస్తున్న' అని కింద రాసింది. పాత గువ్వలంతా ఫంక్షన్ హాల్లో కలుసుకునే మీటింగు అది. గోండుగూడెం పిల్ల, తమ బ్యాచ్‌లో అందరికంటే దూరం నుంచి వచ్చి చదువుకున్న పిల్ల, ఎన్నేళ్లకో తన సంగతి చెప్పుకుంది.

దాని కింద సుల్తానాబాద్‌లో టీచరుగా ఉన్న నవ్యశ్రీ, 'తింటే ఎక్కుతదా?' అని పెట్టింది. వరసగా పళ్లికిలించే బొమ్మలు. 'సారా లడ్డూలా' అని ఒకామె. ఆ తర్వాత గ్రూపు పెద్ద మమతారాణి రాసింది: 'సోంబాయి, మా హాల్లో మందు తాగనియ్యరమ్మా.' మళ్లీ బొమ్మలు.

సోంబాయి రాయలేదు, గొంతు పంపింది. అది వినడానికి స్వరూప షెడ్డు వెనక్కి పోయి ఫోన్ చెవికి ఆనించుకుంది.

"నవ్వుండ్రి, మంచిగ నవ్వుండ్రి. హాస్టల్ల గివే ఇప్పపూలు బుక్కినప్పుడు ఒక్కదానికీ ఎక్కలే గదనే? మమతా, నువ్వయితే లంగ జేబుల నింపుకొని క్లాసుల గూడ నమిలినవ్. అప్పుడు తింటే ఎక్కనిది, గిప్పుడు పేరు వింటెనే ఎక్కిందా?"

స్వరూప ఫక్కున నవ్వింది. నిజం మరి, లెక్కల క్లాసులో మమత దవడ ఆడుతూనే ఉండేది. నవ్వుతూ లోపలికి వచ్చి, మిషన్ ముందు కూర్చుని, మళ్లీ ఫోన్ చూసేసరికి గ్రూపులో ఒక గీత కనపడింది. మమతారాణి సోంబాయిని తీసేసింది. కింద మమత మాట: 'ఇది సంతోషాలు పంచుకునే గ్రూపు. గొడవలు పెట్టేవాళ్లకు చోటు లేదు. స్వీట్లు మంచి దుకాణం నుంచే తెప్పిస్తున్నాం.' దానికి బొటనవేళ్లు లేస్తున్నాయి, ఒకటి తర్వాత ఒకటి.

స్వరూప వేలు తెర మీదికి పోయి ఆగింది. ఏదైనా రాయొచ్చు. 'తప్పు చేసినవ్ మమతా' అని ఒక్క ముక్క చాలు. కానీ మమతారాణి కరీంనగర్‌లో బడిపిల్లల యూనిఫాంలు కుట్టే యూనిట్ తెరుస్తోంది. మీటింగు తెల్లారే దానికి కొబ్బరికాయ కొడతారు. మిషన్ల మీద కుట్టేవాళ్లందరినీ చూసుకునే పని స్వరూపకే అని మాట ఇచ్చింది. ఈ షెడ్డులో నూలు నుసి పీల్చి పీల్చి స్వరూపకు దగ్గు పట్టుకుంది. డాక్టరు పని మానేయమన్నాడు, ఏ పని చేసుకోవాలో మాత్రం చెప్పలేదు. మమత చెప్పింది. ఆ మాట మీదే ఇంట్లో అందరి ఆశా వేలాడుతోంది.

నాలుగు పోగులు ఒకేసారి తెగాయి. స్వరూప ఫోన్ బోర్లా పెట్టి ముడులు వేసుకుంటూ కూర్చుంది.

ఇంటికి పోయాక అత్త కనకవ్వకు చెప్పింది. కనకవ్వ చేటలో బీడీలు చుడుతూ, తల ఎత్తకుండా అంతా విన్నది.

"నువ్వేమన్న రాసినవా?"

"రాయలే అత్తమ్మ."

"మంచి పని చేసినవ్. ఆమెకు లడ్డూలన్న ఉన్నయి అమ్ముకోనీకి. నీకేమున్నది, దగ్గు తప్ప?"

తప్పేమీ అనలేదు కనకవ్వ. అయినా ఆ పూట స్వరూప కంచం సగంలోనే వదిలి లేచింది.

*

రెండు రోజులు ఆగి సోంబాయికి ఫోన్ చేసింది. పక్క నుంచి కోళ్ల అరుపులు, ఎవరో గోండిలో బేరం ఆడుతున్న మాటలు వినిపిస్తున్నాయి.

"గ్రూపు సంగతి ఇడిసిపెట్టు సోంబాయీ. మీటింగుకు రా. నా పక్కన కూసో. ఎవలేమంటరో చూద్దాం."

"ముఖం మీద తలుపేసినోళ్ల ఇంటికి నేనెందుకొస్తనే? మీటింగు రోజే మాకు అంగడి. మిమ్ములందర్ని చూడొచ్చని అంగడి బంద్ జేస్త అనుకున్న. ఇగ జెయ్య."

"గట్లనకే."

"ఒక్క మాట అడుగుత చెప్పు. నన్ను తీసేసినంక నువ్వేం రాసినవ్?"

స్వరూప గొంతులో దగ్గు వచ్చింది. అది తగ్గేదాకా సోంబాయి ఓపికగా ఆగింది.

"ఏం రాయలే."

"గదే," అని సోంబాయి ఫోన్ పెట్టేసింది.

కోపం చేసుకున్నా బాగుండేది. ఆ ఒక్క ముక్కా రోజంతా స్వరూప చెవిలోనే ఉంది, సాంచాల చప్పుడుకు కూడా పోలేదు.

సాయంత్రం మమతారాణి ఫోన్ చేసింది. గొంతు నిండా హుషారు.

"స్వరూపా, ఒక పెద్ద దుప్పటి తేవాలె నువ్వు. మీ సిరిసిల్లదే, చేత్తో నేసింది. మనం హాస్టల్ల దుప్పటి పరిచేటోళ్లం చూడు, గదే ప్రోగ్రాం పెడుతున్న. పైనుంచి డ్రోన్‌తోని తీస్తడు. అందరు ఒక్కసారే చెయ్యి పెట్టాలె. ఎట్లుంటది?"

"మంచిగుంటది," అంది స్వరూప.

దుప్పటి అంటే వాళ్లందరికీ తెలుసు. సెలవులయ్యాక హాస్టలుకు తిరిగి వచ్చిన రోజు, ఎవరి పెట్టెలో ఏమున్నా తెచ్చి ఒకే దుప్పటి మీద కుమ్మరించాలి. సకినాలు, గరిజెలు, సర్వపిండి ముక్కలు, మక్క పేలాలు, ఇప్పపూలు. ఒకసారి కలిశాక ఇది మాది, అది మీది అనే మాట రావొద్దు. ఇంకొక కట్టు కూడా ఉండేది. ఆఖరి పిల్ల వచ్చేదాకా ఎవరూ ముట్టొద్దు. ఆఖరి పిల్ల ఎప్పుడూ సోంబాయే. జైనూర్ బస్సు అడవి దాటి, దారిలో రెండుసార్లు ఆగి, అందరి కడుపులూ కాలాక వచ్చేది. దుప్పటి చుట్టూ కూర్చుని గుటకలు మింగుతూ సోంబాయిని తిట్టుకునేవాళ్లు, కానీ ఎవరూ ముట్టేవాళ్లు కాదు. ఓర్వలేక చేయి చాపిన పిల్ల చేతి మీద ఫట్‌మని కొట్టేది ఎవరనుకున్నారు? మమతారాణే. "అందరొచ్చిండ్రా?" అని అడిగి, వచ్చారని తేలాకే మొదటి సకినం విరిచేది. అప్పుడు ఆ పిల్లకు అంత నీతి ఉండేది. అది ఎక్కడ జారిపడిపోయిందో ఆమెకే తెలియాలి.

*

కరీంనగర్‌లో ఫంక్షన్ హాలు చల్లగా, పూల వాసనతో ఉంది. గువ్వలన్నీ పట్టుచీరల్లో దిగాయి. కేకలు, కౌగిలింతలు, లావయ్యావంటే నువ్వే లావయ్యావని ఎత్తిపొడుపులు. స్వరూప కూడా మనసారా నవ్వింది. ఒకామె మొగుడు పోయిన సంగతి చెప్తుంటే చేయి పట్టుకుని కూర్చుంది. ఇంకొకామె ఉద్యోగం వచ్చిన సంగతి చెప్తుంటే వీపు మీద చరిచింది. వీళ్లంటే ఆమెకు ప్రాణమే. అదే కష్టం మరి, ప్రాణమైన వాళ్ల మీదే కోపం ఎక్కువ వస్తుంది.

మమతారాణి మైకు పట్టుకుని అందరినీ దుప్పటి చుట్టూ కూర్చోబెట్టింది. మోకాళ్లు పట్టుకుని, మూలుగుతూ కూర్చున్నారు. స్వరూప తెచ్చిన ఎర్ర అంచు దుప్పటి మీద దుకాణం మిఠాయిలు, ఇళ్ల నుంచి తెచ్చిన సకినాలూ గరిజెలూ పోశారు. డ్రోన్ తేనెటీగలా గుయ్యిమంటూ పైకి లేచింది.

"నేను మొదలుపెడ్త, ఎనక అందరు చెయ్యి పెట్టుండ్రి," అంటూ మమత మైకు పక్కన పెట్టి, గాజుల చేతిని సకినాల మీదికి చాపింది.

ఫట్.

కొట్టింది స్వరూప. కొట్టాలని అనుకుని కొట్టలేదు, చేయి దానంతటదే లేచింది. గాజులు గలగలమన్నాయి. ఎవరో నవ్వబోయి ఆగిపోయారు.

"ఏందే ఇది?" అంది మమత.

"జైనూర్ బస్సు రాలే."

హాలంతా డ్రోన్ చప్పుడే. ఆ మాటకు అర్థం తెలియనిది అక్కడ ఒక్కతె కూడా లేదు. నవ్యశ్రీ తల దించుకుంది. మమత మొహం ఎర్రబడింది.

"తమాష జేస్తున్నవా స్వరూపా? ఫొటో తీస్తున్నరు."

"దుప్పటి అంటివి గదా. దుప్పటికి ఒక కట్టు ఉన్నది. నువ్వు పెట్టిందే. 'అందరొచ్చిండ్రా' అని అడిగి మొదలుపెట్టాలె. ఎందుకడగలే ఇయ్యాల?"

"ఆమెనే గొడవ పెట్టింది. నా ముఖం మీద అన్నది."

"మనం ఆమె తిండిని సారా అన్నం. ఆమె మనం దాన్ని తిన్న సంగతి చెప్పింది. ఇందుల ఏది గొడవ?" దగ్గు వస్తోంది, అణచుకుంది. "నేను గూడ ఆ రోజు నోరు మూసుకున్న. నీ యూనిట్ల పని కోసమే మూసుకున్న. గది గూడ చెప్తున్న అందరి ముందట."

మమత గొంతు తగ్గించింది. తగ్గించిన గొంతే ఎక్కువ కోసుకుపోతుంది.

"అయితే రేపు రాకు. పని వేరేటోళ్లకు ఇస్త."

"ఇయ్యి. కండెలు చుట్టుడు నాకు వచ్చు."

అని స్వరూప దుప్పటి నాలుగు కొసలూ దగ్గరికి లాగింది. చుట్టూ కూర్చున్న వాళ్లు గబగబా కాళ్లు తీసుకున్నారు. మిఠాయిలూ సకినాలూ అన్నీ కలిపి పెద్ద మూట కట్టి భుజానికెత్తుకుంది. దుప్పటి తనదే, అందులో పోసింది అందరిదీ, అడిగేవాళ్లెవరు? పట్టుచీర మీద మూటతో గడప దాకా పోయి వెనక్కి తిరిగింది.

"నేను జైనూర్ పోతున్న. వచ్చేటోళ్లు రండ్రి. ఆడోళ్లకు బస్సుల టికెట్ గూడ లేదు."

స్వరూప మెట్లు దిగి రోడ్డు మీదికి వచ్చాక వెనక చెప్పుల టపటప వినపడింది. నవ్యశ్రీ పరుగున వస్తోంది, వెనక ఇంకో ఇద్దరు.

"ఒసే, జర ఆగే! మొదలుపెట్టింది నేను గదనే. నేను రాకుంటే ఎట్ల?"

*

వచ్చిన ఇద్దరిలో ఒకామె లక్షెట్టిపేటలో, ఇంటికి చుట్టాలు వచ్చారంటూ దిగిపోయింది. రెండో ఆమె జన్నారంలో మొగుడి ఫోన్‌కు భయపడి దిగిపోయింది. అడవి మొదలయ్యేసరికి స్వరూప, నవ్యశ్రీ, మూట మిగిలారు. ఉట్నూర్‌లో బస్సు మారారు. నవ్యశ్రీకి ఆకలి. మూట వైపు చూస్తుంది, స్వరూప వైపు చూస్తుంది, కిటికీ లోంచి టేకు చెట్లు చూస్తుంది.

జైనూర్ పోతున్నానని దారిలోనే కనకవ్వకు ఫోన్ చేసింది.

"పోయిందా పని?"

"పోయింది అత్తమ్మ."

అవతల బీడీ ఆకు కత్తిరిస్తున్న కత్తెర చప్పుడు. "పోతె పోయె. మెల్లగ దగ్గుకుంటనే బతుకుదాం. వచ్చేటప్పుడు నాకు గా లడ్డూలు తే. ఒక్కటి గాదు, డబ్బ తే."

స్వరూపకు కళ్లలో నీళ్లు తిరిగాయి. కొంగుతో తుడుచుకుని, నవ్యశ్రీకి కనపడకుండా కిటికీ వైపు తిరిగింది.

జైనూర్‌లో దిగేసరికి అంగడి సర్దుకుంటోంది. టార్పాలిన్లు మడుస్తున్నారు, మిగిలిన కూరగాయలు సగం ధరకు అరుస్తున్నారు. సోంబాయి కొట్టు ముందు ఇద్దరు గిరాకీలు ఉన్నారు. ఆమె వీళ్లను చూసింది. చూసి, గిరాకీలకు లడ్డూలు తూచి, కాగితంలో కట్టి, డబ్బులు తీసుకుని, వాళ్లు పోయేదాకా వీళ్లను అలాగే నిలబెట్టింది. అడవి దాటి వచ్చినందుకు దండ వేస్తారనుకుంటే పొరపాటే.

"మీటింగు అయిపోయిందా?"

"కాలే," అంది స్వరూప. "మూట కట్టుకొచ్చిన."

నవ్యశ్రీ ముందుకు వచ్చింది. "సోంబాయీ, ఆ రోజు నేను రాసింది తప్పు. నోరు జారింది గాదు, బుద్ధే జారింది. నన్ను తిట్టు."

"తిడ్త. కూసో ముందు."

సోంబాయి బల్ల పక్కన నేల ఊడ్చింది. దుప్పటి పరిచారు. దారి కుదుపులకు కాజూ ముక్కలూ సకినాలూ ఒకటైపోయాయి. సోంబాయి సీసా వంచి లడ్డూలు పోసింది, నల్లగా, నువ్వులు అంటుకుని. నవ్యశ్రీ చేయి ముందుకు పోయింది.

ఫట్.

"అందరొచ్చిండ్రా?" అంది సోంబాయి.

"వచ్చేటోళ్లం వచ్చినం గదనే!"

"మమత రాలే."

స్వరూప ఆమె మొహంలోకి చూసింది. వెటకారం కాదు. "అది రాదు సోంబాయీ. నిన్ను తీసేసిన మనిషి కోసం నువ్వు ఆగుతవా?"

"ఆమె మీద ప్రేమతోని ఆగుతున్ననా? కట్టు కోసం ఆగుతున్న. ఆమె ఇడిసిపెట్టిందని నేను గూడ ఇడిసిపెడితే ఆమెకు నాకు ఫరక్ ఏమున్నది? ఇన్నేండ్లు ఆఖరి బస్సుకు నేనొచ్చిన, మీరు ఆకలికి ఓర్చుకున్నరు. ఇయ్యాల ఆఖరి మనిషి ఆమె." దుప్పటి కొసలు మళ్లీ దగ్గరికి తీసి గట్టిగా ముడివేసింది. "మా ఇంట్ల జొన్నరొట్టె పప్పు ఉన్నది, తిందురు నడువుండ్రి. మూట మాత్రం ముట్టొద్దు. పొద్దున మొదటి బస్సుకు పోదాం. ఎక్కడ కొబ్బరికాయ కొడుతున్నదన్నవ్ మమత, గా కుట్టు దుకాణానికి?"

*

యూనిట్ ముందు షామియానా వేశారు. గుమ్మానికి మామిడి తోరణం, కొత్త కుట్టుమిషన్ల మీద పసుపు బొట్లు. పనిలో చేరడానికి వచ్చిన ఆడవాళ్లు గోడ వెంట నిలబడ్డారు. మమతారాణి హారతి పళ్లెం సర్దుతూ, రోడ్డు మీద ఆటో ఆగిన చప్పుడుకు తల ఎత్తింది.

నలిగిన పట్టుచీరల్లో ఇద్దరు, నడుం మీద చేయి పెట్టుకున్న సోంబాయి, మధ్యలో మూట.

"ఇక్కడ గొడవ వద్దు," అంది మమత మెట్ల మీద నుంచే. "స్వరూపా, పని కోసమయితే..."

"పని కోసం రాలే. పని నీ దగ్గరనే పెట్టుకో."

స్వరూప వరండాలో, గడపకు ఎదురుగా, లోపలికి పోవాలంటే దాటక తప్పని చోట దుప్పటి పరిచింది. నుజ్జయిన మిఠాయిలు, విరిగిన సకినాలు, వాటి మధ్య చెక్కుచెదరని నల్లటి లడ్డూలు. ముగ్గురూ చెప్పులు విడిచి చుట్టూ కూర్చున్నారు. ఒక పక్క ఖాళీ ఉంచారు. గోడ వెంట ఆడవాళ్లు మెడలు చాపి చూస్తున్నారు.

"నిన్నటి సంది ఇందులది ఒక్క పలుకు ముట్టలే మేం," అంది సోంబాయి. "నవ్యశ్రీకయితే కండ్లు తిరుగుతున్నయి. నాకు నీ గ్రూపు వద్దు, నీ క్షమాపణ గూడ వద్దు. జైనూర్ బస్సు వచ్చింది మమతా. గిక్కడికే వచ్చింది. వచ్చి కూసో. లేకుంటే దుప్పటి తొక్కి లోపటికి పో."

లోపల నుంచి పూజారి ముహూర్తం దాటుతోందని కేకేశాడు. మమతారాణి మొగుడు వచ్చి, ఎవరు వీళ్లంతా అని అడిగాడు. ఆమె చేతిలో హారతి పళ్లెం ఉంది, కర్పూరం ఇంకా వెలిగించలేదు. చూపు దుప్పటి మీద ఒక చోట నిలిచిపోయింది, ఎక్కడంటే లడ్డూల మీద.

స్వరూప అన్నింటికీ సిద్ధపడే కూర్చుంది. తొక్కి పోతే పోతుంది, అప్పుడు మళ్లీ మూట కట్టుకోవడమే. కండెల గంప, దగ్గు, ఫోన్ వెలుగు, అన్నీ ఉన్నచోటే ఉన్నాయి. కానీ ఈసారి 'గదే' అనిపించుకునే పని లేదు. అది తలచుకుంటే ఛాతీలో తేలికగా ఉంది.

మమత పళ్లెం మొగుడి చేతిలో పెట్టింది. మెట్లెక్కి వరండాలోకి వచ్చి, కొత్త చెప్పులు విడిచి, వాళ్ల చెప్పుల పక్కన పెట్టింది. ఖాళీ ఉంచిన చోట కూర్చుంది. తర్వాత కుడి చేయి దుప్పటి మీదికి చాపింది. సగంలో ఆపి, వెనక్కి తీసుకుంది.

గోడ వెంట నిలబడ్డ ఆడవాళ్ల వైపు, నవ్యశ్రీ వైపు, స్వరూప వైపు చూసింది. ఆఖరికి సోంబాయి మీద చూపు నిలిపింది.

"అందరొచ్చిండ్రా?" అని అడిగింది.